ఉద్యోగం దొరికిన నేరం

పెనుమడుగు పట్నంలో నిరుద్యోగం ఎలా అంతరించిందో చెప్పాలంటే ముందు అక్కడి వేరుశెనగ నూనె మిల్లు ఎలా మూతపడిందో చెప్పుకోవాలి. ఆ మిల్లు ఆడినన్నాళ్లూ పట్నంలో సగం ఇళ్లలో పొయ్యి వెలిగింది దాని పుణ్యానే. మగవాళ్లు యంత్రాల దగ్గర, ఆడవాళ్లు గింజలేరే షెడ్డులో, వయసు కుర్రాళ్లు లారీలకు బస్తాలెత్తుతూ బతికారు. అంతలో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. యువతకు పని నేర్పడానికి ప్రభుత్వం తలపెట్టిన మహోద్యమం కోసం ప్రతి పట్నంలోనూ ఒక విశాలమైన భవనం కావాలట. పెనుమడుగులో విశాలమైనది మిల్లొక్కటే. కాబట్టి మిల్లును ఖాళీ చేయించి, యంత్రాలను తుక్కు కింద వేలం వేసి, గోడలకు లేత నీలం రంగు కొట్టి, 'యువ నైపుణ్య సౌధం' అని బోర్డు తగిలించారు. పని పోయిన జనమంతా వచ్చి ఆ బోర్డు ఎదుట నిలబడ్డారు. పని నేర్పడానికి కావలసిన నిరుద్యోగులు ఆ విధంగా మొదటి రోజే సిద్ధమయ్యారు. ప్రారంభోత్సవానికి వచ్చిన పెద్దలు గుంపును చూసి, యువత స్పందన అద్భుతమన్నారు.

ఆ గుంపులో నారాయణమ్మ కొడుకు చౌడేశు కూడా ఉన్నాడు. మొగుడు పోయాక నారాయణమ్మ అదే మిల్లులో గింజలేరి కొడుకును బీయెస్సీ దాకా చదివించింది. చౌడేశు ఫిజిక్సు చదివాడు గానీ, చదివిన ఫిజిక్సుతో ఏం చేసుకోవాలో కాలేజీలో ఎవరూ చెప్పలేదు. సన్నగా, పొడుగ్గా ఉంటాడు. పెద్దవాళ్లు ఏమన్నా ముందు తల ఊపి, ఆలోచన తర్వాత చేస్తాడు. ఒక్క కోరిక మాత్రం అతనిలో గట్టిగా ఉండేది. ఫ్రిజ్జులు, ఏసీలు బాగుచేసే పని నేర్చుకోవాలి. పెనుమడుగు ఎండలకు చల్లదనం అమ్మేవాడు ఏనాటికీ పస్తుండడని అతని నమ్మకం.

ఆ నమ్మకంతోనే సౌధంలో అడుగుపెట్టి నైపుణ్యాధికారి పరాంకుశం గారి ముందు నిలబడ్డాడు. పరాంకుశం గారు మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషిని చూడరు. ఆ మనిషి వెనకనున్న గోడను చూస్తారు, అక్కడేదో సభ కొలువుదీరి ఉన్నట్టు.

"శీతలీకరణ యంత్ర మరమ్మతు కోర్సు మన కార్యాచరణ ప్రణాళికలో ప్రముఖ స్థానం కలిగి ఉన్నది. అయితే తత్సంబంధిత యంత్ర సామగ్రి ప్రస్తుతం టెండరు దశలో ఉన్నది. వెల్డింగ్ కోర్సు ఉన్నది, విద్యుత్ కనెక్షన్ అంచనాల దశలో ఉన్నది. కుట్టుపని కోర్సుకు మిషన్లు వచ్చాయి, సూదులు వచ్చే ఆర్థిక సంవత్సరంలో మంజూరవుతాయి."

"మరి ఇప్పుడేం నేర్పిస్తారు సార్?"

"కుర్చీలు వచ్చాయి," అన్నారాయన గోడతో. "కుర్చీలతో నేర్పదగిన నైపుణ్యం ఒకటున్నది. సకల నైపుణ్యాలకూ అది తల్లివంటిది. ఉద్యోగాన్వేషణ నైపుణ్యం."

చౌడేశు తల ఊపాడు.

రాజధాని నుంచి సుహాసిని మేడం వచ్చి పాఠాలు మొదలుపెట్టింది. ఆమెకు పేరుకు తగ్గ చిరునవ్వుంది. అది ఎప్పుడూ ఒకే కొలతలో ఉండేది. యజమాని తలుపు ఎలా తట్టాలో ఆమె వారమంతా నేర్పింది. రెండుసార్లు తడితే ఆత్మవిశ్వాసం, మూడుసార్లు తడితే అప్పులవాడనుకుంటారు. కుర్చీలో వీపు ఆనించి కూర్చుంటే అహంకారం, అంచున కూర్చుంటే ఆకలి. ఆకలి ఉండొచ్చు గానీ కనిపించకూడదు. "ఐదేళ్ల తర్వాత మిమ్మల్ని మీరు ఎక్కడ చూసుకుంటారు?" అని ఒక్కొక్కరినీ లేపి అడిగేది. చౌడేశు పక్క కుర్చీలో కూర్చునే రిహానా, "ఈడ్నే మేడం, యాడికి పోతాం?" అంది. అలా అనకూడదట. నాయకత్వ స్థానంలో చూసుకుంటున్నానని చెప్పాలట. గది గదంతా లేచి నాయకత్వ స్థానంలో చూసుకుంటున్నామని బృందగానం చేసింది.

అన్నిటికంటే ముఖ్యమైన పాఠం తిరస్కార స్వీకరణ. పని లేదన్న యజమాని ముందు మొహం వేలాడేయకూడదు. కొద్దిగా వంగి, "నా కోసం మీ అమూల్య సమయాన్ని వెచ్చించినందుకు కృతజ్ఞతలు. భవిష్యత్తులో మళ్లీ కలవగలనని ఆశిస్తున్నాను" అని, వెనక్కి అడుగేసి, తలుపు చప్పుడు కాకుండా మూసి రావాలి. ఇది నోటికి వచ్చేదాకా, ఆ తర్వాత నిద్రలో కూడా వచ్చేదాకా సాధన చేయించింది.

"యజమాని పనుంది రా అంటే ఏమనల్ల మేడం?" అని అడిగింది రిహానా.

సుహాసిని మేడం చిరునవ్వు చెదరలేదు. "అది మన సిలబస్‌లో లేదమ్మా," అంది.

కోర్సు పూర్తయింది. అందరికీ మెడలో పట్టీ, చేతిలో సర్టిఫికెట్టు. అందరూ వెతకడం మొదలుపెట్టారు. నేర్చుకున్నట్టే తలుపులు తట్టారు, నేర్చుకున్నట్టే వంగారు, నేర్చుకున్నట్టే తలుపులు మూసి వచ్చారు. ఒక్కరికీ పని దొరకలేదు. దొరికే పనులు చాలావరకు ఆ మిల్లులోనే ఉండేవి మరి.

అప్పుడు రాజధాని నుంచి కమిషనర్ గారు సమీక్షకు వచ్చారు. హాలు నిండుగా కనిపించాలని పాత విద్యార్థులను పిలిచి వెనక వరసల్లో కూర్చోబెట్టారు. చౌడేశు స్తంభం పక్కన కూర్చుని అంతా విన్నాడు.

"ఎంతమందికి శిక్షణ ఇచ్చారు?" అన్నారు కమిషనర్.

"లక్ష్యాన్ని మించి అయ్యా."

"ఎంతమందికి ఉద్యోగాలు వచ్చాయి?"

సుహాసిని మేడం చిరునవ్వు కాస్త సన్నబడింది. పరాంకుశం గారు నెమ్మదిగా లేచి, కమిషనర్ గారి వెనక గోడను చూస్తూ మొదలుపెట్టారు.

"అయ్యా, కుట్టుపని నేర్చినవాడు బట్టలు కుడుతుంటే అతన్ని ఏమంటాం?"

"దర్జీ అంటాం."

"చెక్కపని నేర్చినవాడు చెక్క పని చేస్తుంటే?"

"వడ్రంగి అంటాం. అయితే?"

"మన అభ్యర్థులు ఉద్యోగం వెతకడం నేర్చుకున్నారు. ఈ క్షణాన పట్టణమంతటా ఉద్యోగం వెతుకుతున్నారు. అంటే నేర్చిన వృత్తిని నేర్చినట్టే చేస్తున్నారు. చేతినిండా పని ఉన్న మనిషిని నిరుద్యోగి అనడం ఆ వృత్తికే అవమానమని నా సవినయ అభిప్రాయం."

కమిషనర్ కళ్లజోడు తీశారు. తుడిచారు. మళ్లీ పెట్టుకున్నారు. ఆయన ముఖం మీద చౌడేశుకు ఒక వెలుగు కనిపించింది, పోగొట్టుకున్న పర్సు రోడ్డు మీద దొరికినవాడి ముఖంలో ఉండే వెలుగు.

"పరాంకుశం, ఈ సంగతి రాజధానిలో ఎవరితోనైనా అన్నావా?"

"లేదయ్యా."

"అనకు. నేను చెప్తాను."

నెల తిరక్కుండానే ఉత్తర్వు వచ్చింది. ఉద్యోగం వెతకడాన్ని ఉద్యోగంగా గుర్తించారు. వెతికేవారికి 'అన్వేషకుడు, రెండవ తరగతి' అని హోదా ఇచ్చారు. పెనుమడుగు నిరుద్యోగ రహిత పట్నమైంది. బాండుమేళంతో ఊరేగింపు తీశారు. నిన్నటిదాకా పని లేనివాళ్లందరూ ముందు నడిచారు, ఎందుకంటే ఆ రోజు ఇంకేం పని లేకుండా ఊరేగింపులో నడవగలిగింది వాళ్లే. చౌడేశుకు మొదట్లో కాస్త గర్వంగానే అనిపించింది. మెడలో కార్డు, దానిమీద ఫోటో, కింద ప్రభుత్వ ముద్ర. ఆ కార్డును నారాయణమ్మ దేవుడి పటం ముందు పెట్టి దండం పెట్టుకుంది.

"జీతం ఎప్పటి నుంచి సార్?" అని ఎవరో ధైర్యం చేసి అడిగారు.

"గౌరవం తక్షణం అమల్లోకి వస్తుంది. వేతనం పరిశీలనలో ఉంటుంది," అన్నారు పరాంకుశం గారు.

మరుసటి నెల నారాయణమ్మ ఖాళీ సంచీతో తిరిగొచ్చింది. ఇంటిముందు అరుగు మీద కూలబడింది.

"చౌడా, బియ్యం ఇయ్యనంటాండాడు రా డీలరు. మన బియ్యం కార్డు పీకేసినారంట. నీ కొడుకు గవర్మెంటోడు అయినాడు కదమ్మా, నీకేం తక్కువ అంటాడు. నా పింఛనీ గూడా ఆపేసినారంట."

చౌడేశు తల వంచుకున్నాడు.

"ఇంతకూ నువ్వు చేసే పనేంది రా?"

"పని వెతికే పని మా."

"జీతమో?"

"పరిశీలనలో ఉండాదంట."

నారాయణమ్మ కొడుకు ముఖంలోకి చూసింది. "అంటే దాన్ని వాళ్లు ఎతుకుతాండారా?" అంది.

చౌడేశు తల్లి గింజలేరిన చేతుల వైపు చూశాడు. ఆ రాత్రి ఇద్దరూ జొన్నగంజి తాగారు. బియ్యం కార్డు ఉన్న కాలంలో అతను నిరుద్యోగి. ఇప్పుడతను ఉద్యోగస్థుడు.

ఉద్యోగమన్నాక క్రమశిక్షణ తప్పదు. పొద్దున పదికి సౌధంలో వేలిముద్ర వేయాలి, సాయంత్రం ఐదుకు మళ్లీ వేయాలి. మధ్యలో వెతకాలి. వెతికినట్టు రుజువు కావాలి కాబట్టి 'ఇక్కడ ఖాళీలు లేవు' అని అంగళ్లవాళ్ల చేత చీటీ రాయించుకుని రావాలి. చీటీలు తగ్గితే మందలింపు. పెళ్లికో చావుకో పోవాలంటే వెతకడానికి సెలవు పెట్టాలి.

దీంతో బజారువాళ్ల ప్రాణం మీదికి వచ్చింది. మందుల షాపులో మందులు కొనేవాళ్లకంటే చీటీ కోసం వచ్చేవాళ్లు ఎక్కువయ్యారు. హోటలు సాయిబు దోసె తిప్పడం ఆపి ఖాళీలు లేవని రాస్తూ, ఒకరోజు పెనాన్నే మాడ్చుకున్నాడు. చివరికి వర్తకులంతా కలిసి ఒక మనిషిని జీతానికి పెట్టుకున్నారు. రిటైరైన కండక్టరు సుంకన్న బజారు మొగదల గొడుగు కింద స్టూలు వేసుకుని, అన్ని అంగళ్ల తరఫునా 'ఖాళీలు లేవు' అని ముద్ర కొట్టి ఇచ్చేవాడు. ఆ ఏడాది పెనుమడుగులో కొత్తగా పుట్టిన ఉద్యోగం అదొక్కటే. దాన్ని కుర్రాళ్లెవరికైనా ఇవ్వొచ్చు కదా అని కొందరన్నారు గానీ, కుర్రాళ్లంతా అప్పటికే ఉద్యోగస్థులు. ఇవ్వడానికి నిబంధనలు ఒప్పుకోలేదు.

ఒకనాడు సుంకన్నకు జ్వరం వచ్చింది. బజారులో ముద్ర కొట్టేవాడు లేక, చౌడేశు చీటీ కోసం ఊరి బయట పాలు చల్లబరిచే కేంద్రం దాకా నడిచాడు. చుట్టుపక్కల పల్లెల పాలన్నీ అక్కడికే వస్తాయి. దాన్ని నడిపే బసిరెడ్డి లుంగీ ఎగ్గట్టి, ఆగిపోయిన కంప్రెసర్ ముందు గొంతుక్కూర్చుని దాన్ని నోటికొచ్చినట్టు తిడుతున్నాడు. తలుపు లేని షెడ్డు. చౌడేశు రేకు గోడ మీద రెండుసార్లు తట్టాడు.

"ఏమప్పా?"

"నమస్కారం సార్. మీ సంస్థలో నా నైపుణ్యాలకు తగిన అవకాశం ఏదైనా..."

"పని కావల్నా?"

"అవును సార్."

"ఉండాది. ఉన్నోడు బెంగుళూరికి పాయె. ఆ స్పానరు పట్టుకోని ఇట్ల రా."

చౌడేశు కొద్దిగా వంగాడు. "నా కోసం మీ అమూల్య సమయాన్ని వెచ్చించినందుకు కృతజ్ఞతలు. భవిష్యత్తులో మళ్లీ కలవగలనని ఆశిస్తున్నాను," అని వెనక్కి అడుగేసి, లేని తలుపును చప్పుడు కాకుండా మూసి, గేటు దాకా వెళ్లిపోయాడు.

గేటు దగ్గర అతని చెవులు ఆ మాటను మళ్లీ విన్నాయి. ఉండాది. వెనక్కి తిరిగి పరుగెత్తాడు.

"ఏమన్నారు సార్? ఉందన్నారా?"

"చెవుడా? పనుందంటే దండం పెట్టి పోయిన మొదటోడివి నువ్వే," అన్నాడు బసిరెడ్డి. "నీకు మిషన్ పని వచ్చునా?"

"రాదు సార్."

"రాదని చెప్పినావు కదా, సాలు. నేర్పిస్తా. సోమారం నుంచి రా."

చౌడేశు ఇంటిదాకా ఎలా నడిచాడో అతనికే తెలియదు. నారాయణమ్మ కొడుకు తల నిమిరింది. మర్నాడు పొద్దున అతను సంతోషంగా సౌధానికి వెళ్లి, ఉద్యోగం దొరికింది, ఇక వెతకనని చెప్పాడు. సుహాసిని మేడం ముఖంలో చిరునవ్వు లేకపోవడం అతను చూడటం అదే మొదలు.

సాయంత్రానికల్లా విచారణ పెట్టారు. బల్లకు అటువైపు పరాంకుశం గారు, సుహాసిని మేడం, రాజధాని నుంచి హుటాహుటిన దిగిన ఒక న్యాయ సలహాదారు. ఇటువైపు చౌడేశు, నిలబడి.

"అన్వేషణ విధుల్లో ఉంటూ ఉద్యోగం సంపాదించావా లేదా?" అన్నారు పరాంకుశం గారు.

"సంపాదించినా సార్. వెతకమన్నారు కదా."

"వెతకమన్నాం. దొరకబుచ్చుకోమన్నామా?"

చౌడేశు అలవాటుగా తల ఊపబోయి ఆగాడు. "వెతికేది దొరకడానికే కదా సార్?"

బల్ల వెనక ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు, పసివాడు పెద్దల ముందు బూతు మాట అన్నట్టు.

"పరిస్థితి తీవ్రత నీకు బోధపడటం లేదు," అన్నాడు న్యాయ సలహాదారు. "నీకు ఉద్యోగం దొరికితే నీ అన్వేషక పదవి ఖాళీ అవుతుంది. ఖాళీ అయిన పదవిని నింపడానికి ఒక నిరుద్యోగి కావాలి. ఈ పట్నంలో నిరుద్యోగులే లేరని శాసనసభలో చెప్పాం. ఇప్పుడు ఒకర్ని ఎక్కడినుంచి తెస్తాం? తెస్తే ఉన్నారని ఒప్పుకున్నట్టు కాదా?"

"అదీగాక, ఒక ఉద్యోగంలో ఉంటూ ఇంకో ఉద్యోగం చేయడం ప్రవర్తనా నియమావళికి విరుద్ధం," అన్నారు పరాంకుశం గారు. "ఇప్పటిదాకా ఇంతమంది అన్వేషకులు ఇంత నిబద్ధతతో పనిచేస్తున్నారు. ఒక్కరైనా ఇలాంటి పనికి ఒడిగట్టారా?"

"వదిలేసి పోతా సార్. రాజీనామా ఇస్తా."

"దేనికి రాజీనామా? వెతకడానికా? అప్పుడు నువ్వు వెతకని నిరుద్యోగివి. అంటే సోమరివి. సోమరులకు ఎవరైనా పనిచ్చినట్టు తెలిస్తే ఆ యజమాని మీద చర్య తీసుకుంటాం."

నిజంగానే బసిరెడ్డికి నోటీసు పోయింది. చౌడేశు సోమవారం తలవేలాడేసుకుని పాల కేంద్రానికి వెళ్లి, చేరలేనని చెప్పబోయాడు. బసిరెడ్డి నోటీసును మడిచి, ఒక పక్కకు ఒరుగుతున్న బల్ల కాలి కింద పెట్టాడు.

"ఈ కాయితం పాలను చల్లబరుస్తాదా?" అన్నాడు. "ఎండకు పాలు ఇరిగితే పల్లెల్లో బర్రెలున్నోళ్లంతా నా గొంతు పట్టుకుంటారు. నీ యేలిముద్రేదో ఆడ ఏసి, ఈడికి రా. ఎవడు సూస్తాడు?"

చౌడేశు తల ఊపాడు, ఈసారి ఆలోచించిన తర్వాతే. పొద్దున సౌధంలో వేలిముద్ర వేసి, జ్వరం తగ్గిన సుంకన్న దగ్గర ముద్రలు కొట్టించుకుని, సందుల్లోంచి దొంగలా పాల కేంద్రానికి చేరేవాడు. బసిరెడ్డి తిడుతూ నేర్పేవాడు. అతను తిట్లు తింటూ నేర్చుకునేవాడు. గ్యాసు ఎలా పడుతుందో, బెల్టు ఎప్పుడు తెగుతుందో, కంప్రెసర్ ఏ మూలుగు మూలిగితే ఏ జబ్బో నెమ్మదిగా అంతుపట్టసాగింది. కాలేజీలో బట్టీపట్టిన ఫిజిక్సు ఒక రోజు ఉన్నట్టుండి చేతి వేళ్లలోకి దిగినట్టయింది. ఇంట్లో మళ్లీ బియ్యం ఉడికింది. నారాయణమ్మ వాసన బయటికి పోకుండా తలుపు వేసి వార్చేది.

కానీ అతనొక్కడే కాదు. ఆకలి తెలివి నేర్పుతుంది. అక్కడక్కడా అన్వేషకులు చాటుగా పని చేస్తున్నారని సౌధానికి పొక్కింది. పరాంకుశం గారు నిఘా దళాన్ని ఏర్పాటు చేశారు. జీపు వచ్చింది, దానికొక సైరన్ వచ్చింది. గ్యారేజీల మీద, హోటళ్ల మీద దాడులు జరిగాయి. రిహానా దర్జీ షాపు వెనక గదిలో జాకెట్టుకు చేతికుట్టు వేస్తూ, సూదితో సహా దొరికిపోయింది. "ఇంగ చెయ్యను సార్, ఇదే మొదలు సార్," అని ఆ పిల్ల నడిరోడ్డు మీద ఏడ్చింది. సస్పెండ్ చేశారు. వెతికే హక్కు తీసేసి, రోజంతా సౌధంలో కుర్చీలో ఊరికే కూర్చోబెట్టారు. 'పనిచేస్తూ పట్టుబడ్డ యువతి' అని మర్నాడు పేపర్లో వచ్చింది. వాళ్ల వీధిలో ఎవరూ ఆ ఇంటివాళ్లతో మాట్లాడలేదు.

మరికొన్నాళ్లకు సైరన్ పాల కేంద్రం ముందు మోగింది.

చౌడేశు కంప్రెసర్ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చొక్కా లేదు, ఒళ్లంతా గ్రీసు, చేతిలో స్పానరు. పారిపోవడానికి దారి లేదు. నల్ల బూట్లు వచ్చి అతని తల పక్కన ఆగాయి. వాటి పక్కన సుహాసిని మేడం చెప్పులు.

"బయటికి రా," అన్నారు పరాంకుశం గారు. "ఏం చేస్తున్నావిక్కడ?"

చౌడేశు లేచి నిలబడ్డాడు. నడిరోడ్డు మీద రిహానా ఏడుపు చెవుల్లో మారుమోగింది. తలుపు వేసి అన్నం వార్చే తల్లి కనిపించింది. ఏం చెప్పాలో తోచక, నెలల తరబడి నోటికి పట్టిన మాటే బయటికి వచ్చింది.

"ఉద్యోగం వెతుకుతున్నా సార్."

పరాంకుశం గారు కంప్రెసర్ కిందికి వంగి చూశారు.

"ఎక్కడ?"

"ఈ మిషన్‌లో సార్." అబద్ధం మొదలయ్యాక దానికే కాళ్లొచ్చాయి. "బజారంతా వెతికినా, లేదు. పైపైన వెతికితే దొరికేది కాదని నాకే అనిపించింది. అందుకే విప్పి, లోపల వెతుకుతాండా."

"విప్పి?"

"విప్పి చూస్తా సార్. లేకపోతే మళ్లీ బిగిస్తా. రేపు మళ్లా విప్పి చూస్తా."

"ఆ స్పానర్ ఏమిటి?"

"అన్వేషణ సాధనం సార్."

పరాంకుశం గారు బసిరెడ్డి వైపు తిరిగారు. "మీరు ఇతనికి జీతం ఇస్తున్నారా?"

"జీతమా? అబ్బే," అన్నాడు బసిరెడ్డి లుంగీ దించుకుంటూ. "పొద్దంతా ఎతుకుతాంటాడు పాపం. కడుపు కాల్తాదని తిండికేదో ఇస్తాంటా."

అప్పుడు పరాంకుశం గారు మొట్టమొదటిసారి గోడను వదిలి చౌడేశు కళ్లలోకి చూశారు. ఆ చూపులో కోపం లేదు. మోసం పసిగట్టిన మనిషి చూపు అది, ఆ మోసం తనకెంత అవసరమో లెక్క వేసుకుంటున్న మనిషి చూపు. ఈ కుర్రాణ్ణి పట్టుకుంటే ఇంకో విచారణ, ఇంకో ఖాళీ, శాసనసభలో ఇంకో ప్రశ్న. పట్టుకోకపోతే...

"దొరికిందా?" అని అడిగారు మెల్లగా.

"ఇంకా లేదు సార్."

"దొరకదు కదా?"

"దొరకనియ్యను సార్."

పరాంకుశం గారి చూపు హాయిగా గోడ మీదికి తిరిగి వెళ్లింది. "గమనించారా మేడం? ఉపరితల అన్వేషణ దశను దాటి ఈ యువకుడు అంతర్గత అన్వేషణ దశకు చేరుకున్నాడు. దీనిని మనం క్రమబద్ధీకరించవలసి ఉన్నది."

సుహాసిని మేడం కళ్లు నిజంగానే చెమర్చాయి. ఇది నాటకమని ఆమెకు మాత్రం అర్థం కాలేదు.

వారంలోగా సర్క్యులర్ వచ్చింది. అన్వేషకులు ఇకపై యంత్రాల్లో, వంటశాలల్లో, గోదాముల్లో లోతుగా వెతకవచ్చు. రిహానా సస్పెన్షన్ ఎత్తేశారు. ఆమె దర్జీ షాపులో మిషన్ ముందు కూర్చుని, జాకెట్ల కుట్ల మధ్య ఉద్యోగం వెతకసాగింది. కొందరు ఇటుకల బట్టీలో వెతికారు, కొందరు హోటలు సాయిబు దగ్గర పిండి గిన్నెల్లో వెతికారు. యజమానులకు ఇది ఎంతో నచ్చింది. జీతమని అడిగితే, "వెతికేవాడికి జీతమేంది?" అని తిండికేదో ఇచ్చి పంపేవారు. మిల్లు రోజుల్లో వచ్చినదాంట్లో సగం కూడా చేతికి రాలేదు. కానీ పని మాత్రం నిండా ఉండేది. సాయంత్రం దాకా బజారులో ఒక్క కుర్రాడు కూడా ఖాళీగా కనిపించడం లేదని సౌధంవాళ్లు పొంగిపోయారు.

సంవత్సరం చివర సభ జరిగింది. కమిషనర్ గారు అప్పటికి ఇంకా పెద్ద పదవిలోకి పోయారు. ఆ హోదాలోనే వచ్చి, ఉత్తమ అన్వేషకుడిగా చౌడేశుకు శాలువా కప్పారు. నారాయణమ్మను ముందు వరసలో కూర్చోబెట్టారు.

"వెతకడంలో ఎప్పుడూ విసుగనిపించలేదా?" అని మైకులో అడిగారాయన.

"లేదు సార్."

"ఎన్నడూ దొరకలేదా?"

పరాంకుశం గారు గోడ కోసం చూశారు గానీ, అది ఆరుబయట సభ. చౌడేశుకు ఒక్క క్షణం నిజం నాలుక చివరిదాకా వచ్చింది. ఈ వేదిక మీద కూర్చున్న పెద్దల్లో కంచంలో మెతుకుల కోసం ఎన్నడైనా భయపడినవాడు ఒక్కడున్నాడా అని వెతికాడు. లేడు. నిజం చెప్తే వీళ్లకు ఏమీ కాదు, రిహానాకు అవుతుంది, బసిరెడ్డికి అవుతుంది.

"ఒకసారి పొరపాటున దొరికింది సార్," అన్నాడు. "పెద్దవాళ్లు మందలించినారు. ఆ తప్పు మళ్లీ చెయ్యలేదు."

చప్పట్లు చాలాసేపు మోగాయి. కమిషనర్ గారు లేచి నిలబడి మరీ కొట్టారు.

సభ ముగిశాక తల్లీకొడుకులు ఇంటిదారి పట్టారు. చౌడేశు శాలువా మడిచి చంకలో పెట్టుకున్నాడు. దారిలో నారాయణమ్మ అడిగింది.

"నువ్వు పాల మిషన్ కాడ పని చేస్తాండేది ఊరందరికీ ఎరికే. అంతమంది చదువుకున్నోళ్లు, వాళ్లకు తెలీదారా?"

"తెల్సు మా."

"మరి తెల్సి గూడా అంత గట్టిగా చప్పట్లు కొడతారేంది?"

"నాకు ఉద్యోగముందని ఒప్పుకుంటే వాళ్ల ఉద్యోగాలు పోతాయి మా," అన్నాడు చౌడేశు.

నారాయణమ్మ సభ జరిగిన వైపు తిరిగి తుపుక్కున ఉమ్మింది. "బిరీన నడువు," అంది. "సాయంత్రం పాలు వచ్చే యాళయింది."